బరువు చీటీ

చిట్టా 88

అసమానత పెరిగిందట, మళ్ళీ. ఎక్కడయ్యా అంటే మా వలపనివాళ్ళ పేటలోనట. ఎర్రమ్మప్ప మా అందరి బరువూ మింగేస్తోందట! పేట మొత్తాన్నీ ఒక్క ముసలావిడ పీల్చేస్తున్నట్టు నిట్టనిలువుగా ఎర్ర గీత గీసి, దాని పక్కన "తీవ్రం" అని రాసింది కరణం.

కరణమంటే మనిషి కాదు, లెక్కల మర. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది. అడిగినవాడికి అర్థం కాకుండా లెక్క చెబుతుంది గనక మావాళ్ళు కరణం అన్నారు. దానికి కాళ్ళూ చేతులూ నేనే. కొత్తరేవు బడిలో పదో తరగతి ఒకసారి తప్పి, రెండోసారి పాసయ్యాను. పేటలో అక్షరాలు గుండ్రంగా రాసేది నేనొక్కణ్ణే అని సర్వే పని నాకు తగిలించారు. పేటలో నలభై మంది. నెలకోసారి ఒక్కొక్కరి దగ్గరికి తేలుకుంటూ వెళ్ళి పన్నెండు ప్రశ్నలు అడగాలి. ఏ ఊరి నుంచి వలస వచ్చావు, రోజుకి ఎంత పని, ఎంత బరువు, నిద్ర పడుతోందా... చివరికి, బాగున్నావా. కరణానికి గడులు నిండితే చాలు. గడుల్లో పట్టనివి నేనిలా నా సొంత చిట్టాలో రాసుకుంటాను.

ఈ రోజు పొద్దుట నుంచి గొడుగు మీదే ఉన్నాం. భూమికి ఎండ తగ్గించడానికి ఆకాశంలో కట్టిన గొడుగు ఇది. గొడుగంటే గుడ్డ కాదు, సన్నటి వల. ఇసుక రేణువంత రాయి తగిలినా చిరుగుతుంది. మరలు కొత్త వల అల్లగలవు గానీ చిరుగుకి మాటు వేయలేవు. ఏ రెండు చిరుగులూ ఒక్కలాగ ఉండవు, మరలకి అదే మింగుడు పడదు. అందుకే మా రేవు వాళ్ళని పట్టుకొచ్చారు. సముద్రం మీద తాతలు చేసిన పనే ఇక్కడ సూర్యుడి మొహాన కూర్చుని చేస్తున్నాం.

పని అయ్యాక ఇంటికి, అంటే చక్రం బొడ్డులోకి వస్తాం. చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అంచున ఉన్నవాడికి ఊళ్ళో ఉన్నంత బరువు, నడిమధ్య బొడ్డులో ఉన్నవాడికి సున్నా. అంచున గదులు ఆఫీసు వాళ్ళవి. మాకు అక్కడ రోజుకి రెండు గంటల రేషను. ఊళ్ళో ఉన్నప్పుడు బరువు దించుకోడానికి అరుగు వెతుక్కునేవాళ్ళం, ఇక్కడ బరువు కోసం వరసలో నిలబడతాం. నిలబడతాం అని అలవాటు కొద్దీ అన్నాను, నిజానికి తేలతాం. బరువు లేకపోతే ఎముకలు చెదపట్టిన వాసాలైపోతాయి. ఇంటికెళ్ళే ఓడ ఎక్కాలంటే, అంచున నీళ్ళ బకెట్టు పట్టుకుని చక్రం చుట్టూ ఒక రౌండు నడిచి చూపించాలి. రెండు గంటల రేషనుతో ఆ నడక ఎవరి తరమూ కాదు.

అందుకని చీటీ వేసుకున్నాం. మనవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే ఇంకేం చేస్తారు? తలా అరగంట బరువు రోజూ చీటీలో వేస్తాం. ఓడ వచ్చే ముందు నెల, ఊరెళ్ళేవాళ్ళు ఎత్తుకుంటారు. ఆ నెలంతా అంచునే కాపురం, ఎముకలు మళ్ళీ దారికొస్తాయి. పాట లేదు, కమీషను లేదు. ఈ నెల ఎత్తుకున్నది మైలపల్లి ఎర్రమ్మప్ప. అంటే కరణం కంటికి మేమంతా పేదలం, ఆవిడొక్కతే జమీందారు.

మరి చీటీ అని చెప్పేయొచ్చు కదా? చెప్పకూడదు. మా ఒప్పందంలో పద్నాలుగో షరతు: చీటీలు, జూదం, కోడిపందేలు నిషేధం. కోడిని ఇంత దూరం మోసుకొచ్చే మగాడెవడో నాకూ చూడాలనుంది.

చిట్టా 89

సర్వే మేడమ్ విచారణకి వచ్చారు. పేరు తన్మయి. వలసకూలీల బాగోగుల మీద పరిశోధన చేస్తున్నారు. హైదరాబాదు అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. అంచున ఆఫీసులో ఉంటారు గనక ఇన్నాళ్ళూ నాకు గొంతు మాత్రమే తెలుసు.

ఎర్రమ్మప్ప అంచున కిటికీ పక్కన కూర్చుని గుంజీళ్ళ మధ్య ఆయాసం తీర్చుకుంటోంది. అరవై మూడేళ్ళ మనిషి. మేడమ్ ఎదురుగా కూర్చుని మెత్తగా మొదలుపెట్టారు.

"మీకు ఇంత బరువు ఎవరిచ్చారమ్మా?"

"అందరూ ఇచ్చినారు."

"ఎందుకిచ్చారు?"

"ఇవ్వకపోతే నానూరుకుంతానేటి?" అని అప్ప పడీపడీ నవ్వింది.

మేడమ్ జవాబు రాసుకున్నారు. నవ్వు రాసుకోలేదు, నవ్వుకి గడి లేదు.

"మీరంటే వాళ్ళకి భయమా?"

"బయిమా! ఆ మేస్త్రి సింహాద్రిగాడికి సిన్నప్పుడు నా సేత తిన్న దెబ్బలు ఇంకా గురుతే. అడగండి, కావలిస్తే."

నేను వెనక నిలబడి వద్దు వద్దని చెయ్యి ఊపాను. అప్ప అది చూసి, "ఒరే దానియ్యా, దోమలు తోలుతన్నావేటి?" అంది. మేడమ్ అదీ రాసుకున్నారు.

తర్వాత సింహాద్రిని పిలిచారు. నాకు బావ వరస, మా ముఠాకి మేస్త్రి.

"ఎర్రమ్మగారు ఎలాంటివారు?"

"దేవతండి మేడం గారూ."

"అందరూ ఇష్టపడే ఇచ్చారా?"

"పేణమిమ్మన్నా ఇచ్చేత్తామండి."

సాయంత్రానికి పేటంతా అడిగేశారు. నా వైపు తిరిగి నీరసంగా అన్నారు: "దానయ్యగారూ, అందరూ ఒకటే మాట, దేవతట. ఇలాంటి ఏకగ్రీవం నేను పుస్తకంలో ఒక్కచోటే చదివాను. జైళ్ళ సర్వేలో."

"మరి సంతోషం మార్కులు కూడా చూశారు కదండీ, ఎక్కువే వస్తున్నాయి."

"అదే నా భయం. అసమానత పెరిగిన కొద్దీ మీ పేటలో సంతోషం పెరుగుతోంది. భూమ్మీద ఎక్కడా ఇలా లేదు. ఇది భయమైనా అయ్యుండాలి, మీరందరూ కలిసి ఏదైనా తాగుతూ అయినా ఉండాలి."

చిట్టా 90

ఆపేశారు. విచారణ తేలేదాకా వలపనివాళ్ళు ఒకరి బరువు ఒకరికి ఇవ్వకూడదని పై ఆఫీసు హుకుం. మా పై ఆఫీసు కిందుంటుంది, భూమ్మీద. ఎంత కిందుంటే అంత పెద్ద ఆఫీసు.

ఎర్రమ్మప్పని అంచు నుంచి దింపేశారు. పక్కబట్ట చంకలో పెట్టుకుని బొడ్డులోకి తేలుకుంటూ వచ్చింది. ఓడ తొమ్మిది రోజుల్లో వస్తుంది. నడక పరీక్ష దానికి రెండు రోజుల ముందు. ఆవిడ వంతు ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వేరేవాళ్ళకి ఇచ్చేసింది. ఒకసారి ఎవరి పెళ్ళానికో కానుపని, ఒకసారి ఎవరికో తండ్రి పోయాడని. ఈసారి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు: ఈ ఓడ తప్పితే ఇంక ఈ ఎముకలతో ఏ ఓడా ఎక్కలేవు, ఇక్కడే ఉండిపోవాలి.

సింహాద్రి నా మీద పడ్డాడు.

"నీ సర్వే సల్లగుండ బావా! అందరి బాగూ అడిగీసి అడిగీసి ఈవిడ బాగు తీసేసినావు."

"నేనేం చేశాను? అడిగిందే రాశాను."

"అదే కదా. రాయమన్నది రాసేవోడంత పెమాదం ఇంకోడు లేడు."

అప్పే మమ్మల్ని ఊరుకోబెట్టింది. "ఏటర్రా, సచ్చిపోయినట్టు సూత్తన్నారు? నాకేటి తక్కువ ఇక్కడ? తిండుంది, మీరున్నారు." గోడ పట్టుకుని వేలాడుతూ అంది: "ఒక్కటే. అల వొచ్చి ఎనక్కి పోయినప్పుడు కాళ్ళకింద ఇసక జారిపోతాది సూడు. పడిపోతాం అనిపిత్తాది, పడం. అదొక్కసారి కావాలి నాకు."

బరువు లేనివాడికి కాళ్ళకింద ఇసుక జారదు. ఏడుద్దామంటే ఇక్కడ కన్నీళ్ళు కూడా కారవు, కంటికే ఉండలా అంటుకుని ఉంటాయి. అందుకని అందరం ముక్కులు చీదుకుని అన్నాలకి లేచాం.

చిట్టా 91

మేడమ్ బొడ్డులోకి రావడం ఇదే మొదలు. తలుపు దాటగానే తలకిందులయ్యారు. తిన్నగా అవుదామని చెయ్యి విసిరి సింహాద్రి మొహాన కొట్టారు. మొహం పచ్చగా అయిపోయింది, ఆవిడదే. అప్ప గబగబా ఉప్పు అద్దిన నిమ్మచెక్క నోట్లో పెట్టింది.

"సప్పరించు గుంటా, కడుపు కుదుటపడతాది. కళ్ళు మూసుకోకు."

"మిమ్మల్ని ఇక్కడికి దింపించింది నేనే కదమ్మా" అన్నారు మేడమ్ నిమ్మచెక్క బుగ్గన పెట్టుకుని.

"దింపినావు సరే. అందుకని కక్కుకుంతావేటి?"

మేడమ్ అందరినీ చూసి, ఎవరైనా భయపడకుండా నిజం చెబితే వాళ్ళ పేరు బయటికి రానివ్వనన్నారు. సింహాద్రి దవడ నొక్కుకుంటూ ఉన్నాడు, అంతసేపు నోరు మూసుకోవడం వాడి జన్మలో లేదు.

"అది కాదు మేడం గారూ, సీటీ మద్దెలో ఆపేత్తే ఎలగండీ?"

పేటంతా వాడి వైపు తిరిగింది. వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, పట్టు వదిలేసి మెల్లగా పైకప్పుకి తేలిపోయాడు.

"చీటీయా?" అన్నారు మేడమ్. "ఇది చీటీయా?"

ఇక దాచేదేముంది? పద్నాలుగో షరతు తలుచుకుంటూ మొత్తం నేనే చెప్పాను. ఆవిడ వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వితే తిరుగుతారు, తిరిగితే కడుపులో తిప్పుతుంది, ఆ తంటా కాసేపు అయ్యింది.

"మా అమ్మ కూకట్‌పల్లి అపార్టుమెంటులో ఇరవై ఏళ్ళు చీటీ నడిపింది. నేను చదువుకున్నదే చీటీ డబ్బుతో. మొదటిరోజే చెప్పొచ్చు కదా! పద్నాలుగో షరతు డబ్బు చీటీల గురించి. బరువు డబ్బా?"

"మాకైతే డబ్బుకన్నా ఎక్కువేనండి" అన్నాడు సింహాద్రి పైకప్పు నుంచి.

"సరే, ఋజువు కావాలి. ఇంతకుముందు ఎత్తుకున్నవాళ్ళు ఏరీ?"

"ఊరెళ్ళిపోయారండి" అన్నాను.

"కరణంలో వాళ్ళ పేర్లు?"

"ఓడెక్కిన రోజే కొట్టేస్తాను. వలసపోయినవాళ్ళని జాబితాలో ఉంచకూడదని రూలు."

మేడమ్ నుదురు కొట్టుకున్నారు. ఆ దెబ్బకి వెనక్కి పిల్లిమొగ్గ వేశారు. అలా తిరుగుతూనే అన్నారు: "అంటే తీసుకున్నవాళ్ళు తీసుకోగానే లెక్కలోంచి మాయం! ఇచ్చినవాళ్ళే మిగులుతారు! ఎప్పుడు చూసినా ఇచ్చేవాళ్ళు పేటెడు మంది, తినేవాళ్ళు ఒక్కరు... ఒక్కనెల చీటీ చూసి ఎత్తుకున్నవాణ్ణి దొంగ అన్నట్టుంది నా పరిశోధన."

కానీ పై ఆఫీసు ఒప్పుకుని హుకుం వెనక్కి తీసుకునేసరికి ఎన్నాళ్ళవుతుందో. అప్పకి అన్ని రోజులు లేవు. మేడమ్ గోడ పట్టుకుని ఆలోచించారు.

"దానయ్యగారూ, నాకు రోజుకి ఎంత బరువు?"

"మీకు రేషను లేదండి. మీరు అంచునే ఉంటారు కదా. మీ జాబితా వేరు, మా జాబితా వేరు."

"రెండు జాబితాలా!" అని గొణుక్కున్నారు ఆవిడ. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆపింది వలపనివాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకోవడం. నేను ఎర్రమ్మగారికి ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. అమ్మా, మీరు నా గదికి వెళ్ళండి. మీ పక్క నాకివ్వండి."

"నీ గది నాకెందుకే గుంటా? నీ ఎముకల మాటేటి మరి?"

"నావి కొత్తవి. నాలుగు రోజులకి ఏం కావు."

ఎర్రమ్మప్ప అంచుకి వెళ్ళిపోయింది. మేడమ్ అప్ప నిద్రసంచీలో పడుకున్నారు. కరణం ఏమీ అనలేదు. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూడడం దానికెవరూ నేర్పలేదు.

చిట్టా 93

కొత్తరేవుకి ఫోను కలిపాం. పై ఆఫీసు పెద్దాయన ఒకరు భూమ్మీద నుంచే తెర మీదికి వచ్చి కూర్చున్నారు. మా మాట ఊరికెళ్ళి జవాబు తిరిగి రావడానికి పది సెకన్లు పడుతుంది. జోకు వేస్తే నవ్వు పది సెకన్లకి వస్తుంది. మా ఊళ్ళో కొందరికి ఫోను లేకుండానే అంతసేపు పడుతుంది.

చీటీ ఎత్తుకుని వెళ్ళిన ఏడుగురూ ఒడ్డున వరసగా నిలబడ్డారు. నిలబడడమే చూపించండిరా అంటే వింటారా? తాతబ్బాయి గెంతాడు. ఇంకొకడు పరిగెత్తి కెమెరా దాటి వెళ్ళిపోయి, మళ్ళీ కనపడలేదు. బంగారి నెత్తిన చేపలబుట్ట పెట్టుకుని వచ్చి, బుట్ట దించి, "సందువలు కావాలేటండి? పొద్దుటివే" అని బేరం మొదలుపెట్టింది. పై ఆఫీసు పెద్దాయన ఆలోచనలో పడి ధర అడిగారు.

ఒకడి కాలికి కట్టుంది. మేడమ్ కంగారుపడి, "ఎముక విరిగిందా?" అన్నారు.

పది సెకన్లు. "కొబ్బరిసెట్టు మీంచి పడ్డానండి."

"రాసుకోండి మేడం గారూ" అన్నాడు సింహాద్రి. "సెట్టెక్కగలిగినాడా లేదా?"

మేడమ్ పెద్దాయనకి లెక్క చెప్పారు: ఒక్క నెల చూస్తే దోపిడీలా ఉంటుంది, మూడేళ్ళు కలిపి, వెళ్ళిపోయినవాళ్ళని కూడా చేర్చి చూస్తే తీసుకున్నవాళ్ళంతా అంతకుముందు ఇచ్చినవాళ్ళే, ఇప్పుడు ఇస్తున్నవాళ్ళకీ వంతు వస్తుంది. పెద్దాయన గొంతు సవరించుకుని, హుకుం వెనక్కి తీసుకుంటున్నామన్నారు. మా పేట అరిచిన అరుపు వాళ్ళకి ఐదు సెకన్ల తర్వాత వినిపించింది, వాళ్ళు తిరిగి అరిచింది మాకు ఇంకో ఐదు సెకన్లకి. అలా ఆ అరుపు చాలాసేపు అటూ ఇటూ తిరిగింది.

చిట్టా 97

నడక పరీక్ష. మేమంతా మా వంతు గంటలు దాచుకుని అంచుకి వెళ్ళి గోడవార నిలబడ్డాం. అందరి మోకాళ్ళూ వణుకుతున్నాయి, మేడమ్‌వి కూడా. హుకుం పోయినా గది అప్పకే ఉంచేసి, ఆరు రాత్రులు బొడ్డులో పడుకున్నారు మరి.

ఒక కిటుకు ఉంది. చక్రం తిరిగే వైపు నడిస్తే మనిషి బరువు పెరుగుతుంది, ఎదురు నడిస్తే తగ్గుతుంది. ఎటు నడవాలో పరీక్షలో చెప్పరు. అందరూ ఎదురే నడుస్తారు, నేనైనా అంతే. సింహాద్రి అప్ప చెవిలో అదే చెప్పాడు.

అప్ప బకెట్టు ఎత్తింది, చక్రం తిరిగే వైపుకి తిరిగింది.

"అప్పా, అటు కాదే!" అన్నాను నేను.

"నాకు తెల్సులేరా. దొంగబరువుతో దిగితే ఇసక నమ్మదు."

నడిచింది. మొదట్లో బాగానే ఉంది. సగం చక్రం దాటాక చెయ్యి మార్చుకుంది. ఆఫీసు గదుల దగ్గర ఒక్కసారి ఆగింది, నీళ్ళు తొణికాయి, డాక్టరు కలం ఎత్తాడు. అప్ప ఆయన్ని చూసి, "ఆగినానంతే, సావలేదు. రాసీకు" అంది. మళ్ళీ కదిలింది. మేమందరం గోడవార ఆవిడతోపాటు అడుగులు వేశాం, చేతుల్లో ఏమీ లేకుండా, ఆయాసపడుతూ.

బకెట్టు మొదలుపెట్టిన చోట దించింది. డాక్టరు సంతకం చేశాడు. అప్ప ఆ బకెట్టులో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని సింహాద్రి మొహాన కొట్టింది. బరువున్నచోట నీళ్ళు కిందికి కారడం చూసి ఎన్నాళ్ళయిందో.

చిట్టా 104

అప్ప కబురు వచ్చింది. మాట లేదు, ఒట్టి అలల చప్పుడు. మధ్యలో ఒకసారి "ఓలమ్మో" అని కేక, తర్వాత నవ్వు. పడలేదన్నమాట.

ఇక్కడ మేడమ్ రెండు జాబితాలూ కలిపేశారు. ఈసారి కరణం గీసిన ఎర్ర గీత తెర పైన చూరు దాటిపోయింది. ఆఫీసు వాళ్ళకి రోజంతా బరువు, మాకు రెండు గంటలు. ఇన్నాళ్ళూ అసమానతని మా పేటలో వెతికారు, అది పక్కగదిలో పక్కేసుకుని నిద్రపోతోంది. పై ఆఫీసు ఆలోచిస్తోందట. అంతదాకా మాకు మూడు గంటలన్నారు. ఆఫీసులో ఆరుగురు చీటీలో చేరారు. ఒకాయన వడ్డీ ఎంత వస్తుందని అడిగాడు.

పొద్దుట మేడమ్ నన్ను పిలిచారు.

"దానయ్యగారూ, ఒక లెక్క కుదరడం లేదు. ఎర్రమ్మగారికి పేటవాళ్ళు ముప్పై తొమ్మిది మంది తలా అరగంట ఇచ్చారు. పందొమ్మిదిన్నర గంటలు కావాలి, ఇరవై ఉంది. ఆ అరగంట ఎవరిది?"

"నాదండి."

"జాబితాలో మీరు లేరే?"

"అడిగేవాణ్ణి నేను కదండీ. నన్ను నేను ఎలా అడుగుతాను?"

ఆవిడ నా వైపు అదోలా చూశారు. "ఎన్నేళ్ళయింది మీరొచ్చి?"

ఐదేళ్ళు. నా వంతు వచ్చినప్పుడల్లా సర్వే రాసేవాడు ఉండడని వెనక్కి జరిపేవాణ్ణి. అది మంచితనమేం కాదు, అంత బరువు మళ్ళీ మోయగలనా అని కొంచెం బెంగ. మేడమ్ నా మాట పూర్తి కానివ్వలేదు. సర్వే నేను రాస్తాను, వచ్చే నెలే ఇంకో ఓడ ఉంది, ఈ నెల చీటీ మీదే అన్నారు. పేటంతా ఒప్పేసుకుంది, నన్నెవరూ అడగలేదు.

అందుకని ఇప్పుడు కూర్చుని నా ఫారం నేనే నింపుతున్నాను. నలభై ఒకటో మనిషి. ఊరు, కొత్తరేవు. పని, మాటు వేయడం, ప్రశ్నలు వేయడం. నిద్ర, పడుతోంది, సింహాద్రి గురక లేనప్పుడు. పదకొండూ అయిపోయాయి. మిగిలింది పన్నెండోది. ఐదేళ్ళుగా అందరినీ అడిగాను గానీ, నా వైపు తిరిగి చూస్తే ఇది చాలా పెద్ద ప్రశ్నలా ఉంది. ఒక్క మాటలో రాయాలి, గడి చిన్నది.

"బావా! అంచు తలుపు తీసీసినారు, నీ బరువు నీకోసం సూత్తన్నాది, రా!"

సింహాద్రి. వస్తున్నా, ఈ ఒక్కటీ రాసేసి వస్తున్నా. పన్నెండో ప్రశ్న, మీరు బాగున్నారా. జవాబు: నేను